ఆ బండి ఎక్కడ నిలబడిందో అడగండి

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే మనవాళ్ల మొదటి ప్రశ్న ఒక్కటే, "ఎంత తిరిగింది?" ఇరవై వేలు అంటే మొహం వెలిగిపోతుంది, డెబ్బై వేలు అంటే ఇచ్చిన టీ కూడా సగంలో వదిలేసి లేచి వచ్చేస్తాం. మా నాన్న కాలం నుంచీ ఇంట్లో విన్న మాట ఇదే, పెట్రోలు, డీజిల్ బండ్లకి అది చాలావరకు నిజం కూడా. కానీ ఎలక్ట్రిక్ కారు దగ్గర ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చుంటే మంచి బండి వదిలేసి చెడ్డ బండి ఇంటికి తెచ్చుకుంటాం. నేను అలా తెచ్చుకోబోయి ఆఖరి నిమిషంలో ఆగాను. మన జిల్లాలో ఇప్పుడు చాలామంది పాత ఎలక్ట్రిక్ కార్ల వైపు చూస్తున్నారు, నన్ను అడుగుతున్నారు కూడా, అందుకే అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

నేనుండేది శ్రీకాకుళం, ఉద్యోగం పైడిభీమవరం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో. రానూపోనూ ఎనభై కిలోమీటర్లు దాటుతుంది, నెలకి ఇరవై ఐదు రోజులు, అంటే రెండు వేల కిలోమీటర్లు. పాత పెట్రోలు కారు లీటరుకి 14 ఇచ్చేది, అప్పట్లో లీటరు 110 రూపాయల దగ్గర ఆడేది, లెక్క వేసుకోండి, నెలకి పదిహేను వేలు దాటి పోయేది ఒక్క పెట్రోలుకే. జీతం వచ్చిన రోజే ఆ పదిహేను వేలు పక్కన పెట్టడం అలవాటైపోయి, చాలాకాలం అది ఖర్చు అని కూడా అనిపించలేదు. 2024 వేసవిలో పిల్ల కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు అనిపించింది.

కొత్తది కొనే స్తోమత లేదు. 2020 జనవరిలో వచ్చిన టాటా వాళ్ల మొదటి రకం ఎలక్ట్రిక్ కారు నెక్సాన్ ఈవీ, 30.2 యూనిట్ల బ్యాటరీది, పాతది దొరికితే సరిపోతుందని అనుకున్నాను. కాగితం మీద ఒక చార్జ్‌కి 312 కిలోమీటర్లు అంటారు గానీ ఆ అంకెని నమ్మి ఎవరూ బండి కొనకూడదు, మన ఎండల్లో ఏసీ వేసుకుని హైవే మీద 80లో నడిపితే 180 నుంచి 200 వస్తే బాగున్నట్టే. నా ఎనభైకి అది చాలు.

విశాఖపట్నంలో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల షాపు దగ్గర 2021 మోడల్ ఒకటి దొరికింది. 14 వేల కిలోమీటర్లే తిరిగింది. పెయింట్ అద్దంలా ఉంది, సీట్ల మీద కవర్లు కూడా తీయలేదు. నాతో వచ్చిన మా మావయ్య అయితే చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "పద్నాలుగు వేలేరా, ఇంకేటి సూస్తావు, అడ్వాన్సు ఇచ్చీ" అన్నాడు. ఓనరు విదేశాల్లో ఉంటాడట, ఏడాదికి ఒకసారి వస్తాడట, మిగతా రోజులన్నీ బండి అపార్ట్‌మెంట్ బయట ఆరుబయటే ఉండేదట. ఈ మాటని అమ్మేవాళ్లు గొప్పగా చెప్పారు, బండి అరగలేదని. నేనూ అలాగే విన్నాను. ఎండలో ఎలా ఉండేది, చార్జింగ్ ఎంత పెట్టి వదిలేసేవాళ్లు అని ఆ రోజు అడగాలని తోచలేదు.

ఒక్క మంచి పని చేశాను. డబ్బు ఇచ్చే ముందు బండిని ఫుల్ చార్జ్ మీద మా ఊరు దాకా నడిపి చూస్తానని పట్టుబట్టాను, వాళ్ల డ్రైవర్‌ని పక్కన కూర్చోబెట్టి పంపారు. విశాఖ నుంచి శ్రీకాకుళం నూట పది కిలోమీటర్ల చిల్లర. చార్జింగ్ 100 శాతంతో బయలుదేరాం, ఊళ్లోకి వచ్చేసరికి 33 చూపించింది. కొంచెం ఎక్కువే తాగింది అనుకున్నాను గానీ ఎండ, ఏసీ, ముగ్గురం ఉన్నాం, సరే. ఆగకుండా నరసన్నపేట వైపు పోనిచ్చాను. సింగుపురం దాటి వెనక్కి తిప్పేసరికి 19 ఉంది. కళ్లముందే, ఒక కిలోమీటరు కూడా వెళ్లకుండా, 19 కాస్తా 8 అయిపోయింది, పవర్ తగ్గిస్తున్నానని తెర మీద హెచ్చరిక, యాక్సిలరేటర్ నొక్కినా బండి లేవట్లేదు. వెనక లారీ హారన్. మావయ్య మాట్లాడ్డం మానేశాడు. ఆ టెన్షన్ నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

దీనికి కారణం తర్వాత తెలుసుకున్నాను, మీరు ముందే తెలుసుకోండి. ఆ బ్యాటరీ ఒక్క ముక్క కాదు, వరసగా కలిపిన సెల్స్. ఊడ్పుల్లో ఆడవాళ్లు వరస కట్టి నాట్లు వేస్తుంటే ఒక్కరు వెనకబడితే వరసంతా ఆగాలి కదా, సరిగ్గా అలాగే, వరసలో ఒక సెల్ నీరసపడితే మిగతావాటిలో ఎంత శక్తి ఉన్నా బండి దాన్ని వాడుకోలేదు. చార్జింగ్ నిండుగా ఉన్నప్పుడు ఆ నీరసం బయటికి కనిపించదు, 60లో, 50లో అంతా బాగానే ఉంటుంది, అడుగుకి వచ్చేసరికి ఆ ఒక్క సెల్ ముందు ఖాళీ అయిపోతుంది, అంకె ధబాలున పడుతుంది. అమ్మేవాళ్లు టెస్ట్ డ్రైవ్ ఇచ్చేది ఎప్పుడూ 70, 80 మీద, రెండు కిలోమీటర్లు. ఆ రెండు కిలోమీటర్లలో మీకు ఏసీ చల్లదనం తెలుస్తుంది, మ్యూజిక్ సిస్టం తెలుస్తుంది, అసలు సంగతి తెలీదు. బండిని 20 కిందకి దింపి చూడాలి. నా వరకు పాత ఎలక్ట్రిక్ కారు పరీక్ష అంటే ముందు ఇదే, మిగతావన్నీ దీని తర్వాత.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. అంకె అలా పడినంత మాత్రాన బ్యాటరీ చచ్చిపోయిందని కాదు. నెక్సాన్, టియాగో లాంటి వాటిలో ఉండేది ఎల్‌ఎఫ్‌పీ రకం బ్యాటరీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. దీని వోల్టేజి నిండుగా ఉన్నా సగం ఉన్నా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, అందుకని లోపల ఎంత మిగిలిందో బండికే సరిగ్గా అంచనా దొరకదు, అప్పుడప్పుడు నెమ్మదిగా 100 దాకా చార్జింగ్ పెడితేనే లెక్క సరిచూసుకుంటుంది, సెల్స్ కూడా ఒక మట్టానికి వస్తాయి. వరసగా రెండు మూడుసార్లు అలా పెడితే సర్దుకునే బండ్లూ ఉన్నాయి. కానీ అది సర్దుకుంటుందో లేదో తేల్చుకోవాల్సింది అమ్మేవాడు, కొన్నాక మనం కాదు. నేను అదే అడిగాను, సర్వీస్ సెంటర్‌లో స్కాన్ చేయించి రిపోర్టు ఇవ్వండి, అప్పుడు మాట్లాడదాం అని. రిపోర్టు రాలేదు, ఫోన్ కూడా రాలేదు. వారంలో బండి ఇంకెవరికో అమ్మేశారని విన్నాను.

ఇక వాడకుండా ఉంచడం గురించి. బ్యాటరీ రెండు రకాలుగా ముసలిదవుతుంది. వాడితే అరుగుతుంది, ఊరికే ఉన్నా వయసు మీద పడుతుంది. రెండోదాన్ని మనం లెక్కలోకే తీసుకోం. ఫుల్ చార్జ్ పెట్టి ఎండలో నెలల తరబడి వదిలేస్తే ఆ వయసు ఇంకా తొందరగా మీద పడుతుంది, వేడి, నిండు చార్జింగ్ రెండూ కలిస్తే ఏ లిథియం బ్యాటరీకీ మంచిది కాదు. అదే పూర్తిగా దింపేసి వదిలేస్తే ఇంకో రకం చేటు. వీటికి తోడు లోపల మామూలు కార్లలో ఉండేలాంటి 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది, బండి కదలకపోతే అది దిగిపోతుంది, అది పోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి స్టార్ట్ అవ్వదు. టైర్లు ఒకేచోట నొక్కుకుపోతాయి. మన సముద్రం గాలికి బ్రేక్ డిస్కులు తుప్పు పడతాయి, ఎలక్ట్రిక్ బండ్లలో వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేసేస్తుంది కాబట్టి డిస్కులకి రాపిడి తక్కువ, తుప్పు ఇంకా ఎక్కువ. కళింగపట్నం, భీమిలి లాంటి ఊళ్లలో ఉన్న బండి అయితే జాకీ మీద ఎత్తించి కింద భాగమంతా టార్చి వేసి చూడండి, బ్యాటరీ పెట్టె చుట్టూ బోల్టులు ఎలా ఉన్నాయో, పెట్టెకి రాయి తగిలిన సొట్ట ఉందేమో.

ఆ మొదటి బండి పోతూ పోతూ నాకు ఇంకో పాఠం చెప్పి పోయింది. ఆ సాయంత్రం ఆ మిగిలిన కాస్త చార్జింగ్‌తోనే ఇంటికి చేరాం, డ్రైవర్ తిరిగి విశాఖ వెళ్లాలంటే చార్జింగ్ కావాలి. మా ఇంట్లో ఏసీకి వేయించిన 15 యాంప్స్ ప్లగ్ ఉంది కదా అని చార్జర్ పెట్టాం. చార్జర్ డబ్బా మీద ఎర్ర లైటు. తీసి పెట్టాం, మళ్లీ ఎర్ర లైటు. ఇంకో గదిలో ప్లగ్, అదే ఎర్ర లైటు. చివరికి ఆ అబ్బాయి హైవే మీద ఫాస్ట్ చార్జర్ వెతుక్కుంటూ ఏసీ లేకుండా వెళ్లాడు, పాపం.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి మీటర్ పెట్టి చూశాడు. ఫేజ్‌కి న్యూట్రల్‌కి మధ్య 228 వోల్టులు, ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య 140. అవి రెండూ దాదాపు ఒకటే ఉండాలి. వరండా కింద తవ్వితే పాతికేళ్ల క్రితం పాతిన ఇనప కడ్డీ, సగం తుప్పు, దానికి చుట్టిన తీగ చేత్తో పట్టుకుంటే ఊడి వచ్చేసింది. "పేరుకి తీగుంది గానీ బాబూ, ఎర్తు నేదు" అన్నాడు. పాతికేళ్లుగా ఆ ఇంట్లో ఫ్రిజ్జు, మిక్సీ, గీజరు అన్నీ అలాగే నడిచాయి, వాటిలో ఏదీ ఎర్త్ లేదని చెప్పలేదు, కారు చెప్పింది. పెరట్లో కొబ్బరి చెట్టు పక్కన కొత్త గొయ్యి తీయించి, పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి, అక్కణ్ణుంచి పార్కింగ్ దాకా విడిగా 4 ఎంఎం రాగి వైరు, దానికి లోడు ఎక్కువైతే పడిపోయే సొంత ఎంసీబీ, షాక్ కొడితే ఆపేసే ఆర్‌సీసీబీ. అంతా కలిపి పదివేల లోపు అయింది. వేసవిలో ఆ గొయ్యిలో వారానికి రెండు బిందెల నీళ్లు పోస్తాం.

కాబట్టి ఎవరు అడిగినా నేను ముందు బండి గురించి చెప్పను. మీ ఇంటి ఎర్తింగ్ చూపించుకోండి, తర్వాత బండి చూద్దాం అంటాను. కరెంటు వాళ్ల దగ్గర మీ ఇంటికి ఎంత లోడు రాసి ఉందో కూడా బిల్లు మీద చూసుకోండి, చాలా ఇళ్లకి రెండు, మూడు కిలోవాట్లే ఉంటుంది, ఈ చార్జర్ ఒక్కటే మూడుకి పైన లాగుతుంది, లోడు పెంచమని అర్జీ పెట్టుకోవాలి. సొంత పార్కింగ్ లేనివాళ్లు, అద్దెకి మేడ మీద ఉండి కారు వీధిలో పెట్టేవాళ్లు, దయచేసి పాత ఎలక్ట్రిక్ కారు కొనకండి, ఎంత చవకగా వచ్చినా సరే. రోజూ ఫాస్ట్ చార్జర్ మీద బతకడం డబ్బుకీ దండగ, ప్రాణానికీ విసుగు, మీరు వెళ్లినప్పుడు అది పనిచేస్తుందన్న భరోసా కూడా లేదు.

రెండో బండి విజయనగరంలో దొరికింది. అదే 2021 మోడల్, 61 వేలు తిరిగింది. మావయ్య రానన్నాడు, "అరవై వేల బండికి నేను రాను" అని తేల్చి చెప్పేశాడు. అమ్మేవాళ్లు కాలేజీ లెక్చరర్ దంపతులు, మయూరి జంక్షన్‌కి కొంచెం లోపల ఇల్లు, రోజూ విశాఖ వెళ్లి రావడానికి వాడారు. కారు రేకుల షెడ్డు కింద ఉంటుంది, చుట్టూ గాలి ఆడుతుంది. రోజూ రాత్రి ఇంట్లోనే నెమ్మది చార్జింగ్, ఫాస్ట్ చార్జర్ వాడింది అరకు వెళ్లినప్పుడూ, రాజమండ్రి పెళ్లికి వెళ్లినప్పుడూ. మేడమ్ గారు అట్ట వేసిన చిన్న నోటుబుక్కు తెచ్చి చూపించారు, ప్రతి సర్వీసు తారీకు, టైర్లు మార్చిన తారీకు, చిన్న బ్యాటరీ మార్చిన తారీకు, ఒక పేజీలో ఏ నెలకి ఎన్ని యూనిట్లు అని. ఆ బుక్కు చూసినప్పుడే సగం నమ్మకం కుదిరింది.

మిగతా సగం కోసం నేను అడిగింది ఇది: ఐదు వేలు అడ్వాన్సు ఇస్తాను, ఒక రాత్రి బండి మా ఇంట్లో ఉంచండి. ఒప్పుకున్నారు, సార్ స్వయంగా తీసుకొచ్చారు, ముందు 20 కిందకి దించి. 22, 21, 20, 19, 18, ఒక్కొక్క మెట్టే దిగింది, ఎక్కడా దూకలేదు. ఇంటికొచ్చేసరికి 18. చార్జింగ్ ప్లగ్‌కి ముందు పాత సబ్ మీటరు ఒకటి ఎలక్ట్రీషియన్ చేత బిగించి ఉంచాను. రాత్రి 9 దాటాక ప్లగ్ పెట్టినప్పుడు మీటరు 41.2. పొద్దున్న ఆరున్నరకి 100 అయి ఆగిపోయింది, మీటరు 67.4. అంటే గోడ నుంచి లాగింది 26.2 యూనిట్లు.

ఈ లెక్క జాగ్రత్తగా చూడండి, ఎవరైనా చేసుకోవచ్చు. గోడ నుంచి లాగినదంతా బ్యాటరీలోకి పోదు, చార్జర్ వేడికి సుమారు పదోవంతు పోతుంది. 26.2లో పదోవంతు తీసేస్తే 23.6. అది 18 నుంచి 100 దాకా, అంటే 82 శాతం నింపడానికి పట్టింది. 23.6ని 0.82తో భాగిస్తే 28.8. కొత్తప్పుడు 30.2. అంటే ఇంచుమించు 95 శాతం మిగిలి ఉంది, 61 వేలు తిరిగాక. పైగా కంపెనీ చెప్పే 30.2 మొత్తాన్ని ఏ బండీ వాడుకోనివ్వదు, పైన కొంచెం, అడుగున కొంచెం దాచుకుంటుంది, అందుకని అసలు ఆరోగ్యం మన లెక్క కన్నా కొంచెం మెరుగే ఉండొచ్చు. తర్వాత సర్వీస్ సెంటర్‌లో స్కాన్ చేయిస్తే వాళ్ల తెర మీద 94 అని వచ్చింది. నా సబ్ మీటరుకీ వాళ్ల కంప్యూటర్‌కీ ఒక్క అంకె తేడా. ఆ బండే కొన్నాను. రెండూ చేయించండి. స్కాన్‌లో అడగాల్సింది ఇంకోటి ఉంది, సెల్స్ మధ్య వోల్టేజి తేడా ఎంత అని, అదీ 20 కింద ఉన్నప్పుడు చూపించమనండి.

"పాత ఎలక్ట్రిక్ కారు కొనడం అంటే పాత సెల్‌ఫోన్ కొనడమే" అనేవాళ్లు మా ఆఫీసులోనే పదిమంది ఉన్నారు. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. సెల్‌ఫోన్ బ్యాటరీకి చల్లబరిచే ఏర్పాటు ఏదీ ఉండదు, జేబులో వేడికి, దిండు కింద వేడికి ఉడుకుతూ రోజూ అడుగు నుంచి నిండా నింపుతాం, రెండేళ్లకి దిగాలు పడుతుంది. ఈ కార్ల బ్యాటరీ చుట్టూ చల్లటి ద్రవం తిరుగుతుంది, ప్రతి సెల్‌నీ కనిపెట్టుకుని ఉండే వ్యవస్థ ఒకటి ఉంటుంది. 61 వేల కిలోమీటర్లు అంటే ఒక చార్జ్‌కి 200 చొప్పున చూస్తే 305 సార్లు నింపినట్టు, ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ వేలసార్లు నింపినా తట్టుకునే రకం. చల్లబరిచే ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో కూడా లోకం చూసింది, నిస్సాన్ లీఫ్ మొదటి రకం కార్లకి ఆ ద్రవం లేదు, అమెరికాలో అరిజోనా ఎండలకి వాటి బ్యాటరీలు త్వరగా కుంగిపోయి పెద్ద గొడవైంది. మన రెంటచింతల, మన టెక్కలి ఎండలేమీ తక్కువ కాదు. అందుకే బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే బండే తీసుకోండి, ఆ కూలెంట్ మట్టం చూడండి, ఏసీ గ్యాసు సరిగా ఉందో చూడండి, చాలా బండ్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఆ ఏసీయే.

అయితే కిలోమీటర్లు అసలు లెక్కలోకి రావని నేను అనడం లేదు. ఒకచోట గట్టిగా వస్తాయి, వారంటీ దగ్గర. ఈ బండికి బ్యాటరీ, మోటారు మీద 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. 2021 బండి కాబట్టి 2029 దాకా ఉందని సంబరపడకూడదు, నా వాడకం ఏడాదికి 24 వేలు, ఇప్పటికే 95 వేలు దాటాను, మిగిలిన 65 వేలు రెండున్నరేళ్ల పైచిలుకులో అయిపోతాయి, అంటే 2029 కన్నా ముందే నా వారంటీ ముగుస్తుంది. నెలకి ఐదు వందలు తిరిగేవాళ్లకి ఈ బాధ లేదు, వాళ్లకి ఏళ్లే ముందు అయిపోతాయి. కొనే ముందు మీ వాడకంతో ఈ లెక్క వేసుకుని దాన్నిబట్టి బేరం ఆడండి. వారంటీ రెండో ఓనరుకి వస్తుందా, సర్వీసు మధ్యలో మానేస్తే రద్దవుతుందా అన్నది బ్రోకర్ నోటి మాట కాకుండా ఛాసిస్ నంబరు ఇచ్చి సర్వీస్ సెంటర్‌లో రాతలో తీసుకోండి. కొన్ని కొత్త బండ్లకి "జీవితకాలం వారంటీ" అని ప్రకటనలు చూస్తారు, ఎంజీ కంపెనీ విండ్సర్ ఈవీకి అది మొదటి ఓనరుకే, చేతులు మారితే మామూలు 8 ఏళ్లకి దిగిపోతుంది. అదే విండ్సర్‌ని బ్యాటరీ అద్దె పద్ధతిలో, కిలోమీటరుకి మూడున్నర రూపాయల లెక్కన కూడా అమ్మారు, అలాంటిది పాతది వస్తే బ్యాటరీ ఒప్పందం తీరిపోయిందన్న కాగితం చూడకుండా పైసా ఇవ్వకండి.

కాగితాల్లో ఇంకో రెండు సంగతులు. ఎలక్ట్రిక్ సొంత కారుకి ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలు, టాక్సీకి అదే ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు. టాక్సీగా తిరిగి ప్లేటు మార్చుకుని వచ్చిన బండ్లు ఉంటాయి, వాటి మీద నాకు పగ లేదు గానీ రోజూ ఫాస్ట్ చార్జింగ్ తిన్న బండి ధర వేరు, ఆర్‌సీ చరిత్ర చూసి అడగండి. రెండోది, ఇదివరకు ఏపీ 30 అంటే శ్రీకాకుళం, 35 అంటే విజయనగరం, ప్లేటు చూసి ఊరు చెప్పేవాళ్లం. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 వరస వచ్చాక ప్లేటు చూస్తే ఏమీ తెలీదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో టీవీలో చూశాం కదా, అలాంటివి తుడిచి ఎక్కడికైనా రావొచ్చు. ఎక్కడ రిజిస్టర్ అయిందో ఆర్‌సీలో చూడండి, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు ఏం జరిగాయో ఇన్సూరెన్స్ కంపెనీలో అడిగించండి, సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చివర మట్టి చార ఉందేమో చూడండి. మునిగిన ఎలక్ట్రిక్ కారు ఉచితంగా ఇచ్చినా వద్దు. ఫైనాన్స్ ఉంటే బాకీ లేదన్న బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35, పేరు మార్పుకి మామూలు ఫారం 29, 30, ఇవి అందరికీ తెలిసినవే. హైదరాబాద్ బండ్లు చవకగా కనిపిస్తాయి గానీ అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ, ఇక్కడ ట్యాక్సు ఏమైనా పడితే అదీ, అన్నీ కలిపి చూసుకున్నాకే చవకో కాదో తెలుస్తుంది.

ధర దగ్గర అమ్మేవాళ్లు "మేం పదహారు లక్షలు పెట్టాం" అంటారు. వాళ్లు ఎంత పెట్టారన్నది మనకి అనవసరం. 2024 ఫిబ్రవరిలో టాటా వాళ్లే కొత్త నెక్సాన్ ఈవీ మీద 1.2 లక్షల దాకా, టియాగో మీద 70 వేల దాకా తగ్గించారు, 2025 సెప్టెంబర్‌లో చిన్న పెట్రోలు కార్ల జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. కొత్తది ఈ రోజు ఎంతకి వస్తోందో షోరూమ్‌కి ఫోన్ చేసి కనుక్కుని అక్కణ్ణుంచి కిందకి లెక్కపెట్టండి. డీలరు దగ్గర కొంటే పాత ఎలక్ట్రిక్ బండి మీద వాళ్ల లాభం భాగానికి 18 శాతం జీఎస్టీ ఉంటుంది, అది మీ ధరలోకే వస్తుంది, మనిషి నుంచి మనిషి నేరుగా కొనుక్కుంటే అది లేదు. నేను నేరుగా కొన్నాను.

కరెంటు ఖర్చు గురించి గొప్పలు చెప్పేవాళ్లని కూడా పూర్తిగా నమ్మకండి. కిలోమీటరుకి రూపాయి కన్నా తక్కువ అంటారు. నా రెండు వేల కిలోమీటర్లకి నెలకి 330 యూనిట్ల దాకా పడుతుంది, ఇంటి వాడకం 200తో కలిస్తే పై శ్లాబులోకి వెళ్తుంది, 225 దాటితే యూనిట్ 8.75, 400 దాటితే 9.75. కారు వాటా మూడు వేలు, పైన ట్రూ అప్ అనే సర్దుబాటు చార్జీల లాంటివి కలిస్తే ఇంకొంచెం. అంటే కిలోమీటరుకి రూపాయిన్నర పైనే. అయినా పదిహేను వేల చోట మూడున్నర వేలు అంటే మా ఇంటికి అది చిన్న మార్పు కాదు, పిల్ల ఫీజు ఆ తేడాలోంచే కడుతున్నాం. మేడ ఖాళీగా ఉన్నవాళ్లు పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుంటే 78 వేలు సబ్సిడీ వస్తుంది, నేనూ అర్జీ పెట్టాను.

తుఫాను వస్తే ఏం చేస్తావని అడిగేవాళ్లున్నారు, అది న్యాయమైన ప్రశ్న. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, మా చెల్లెలి అత్తవారు పలాస దగ్గరే, చీకట్లో ఎలా ఉన్నారో నాకు తెలుసు. అక్టోబర్, నవంబర్ నెలల్లో వాయుగుండం అన్న మాట వినగానే బండిని 100 చేసి ఉంచుతాను. ఇంట్లో ఒక పెట్రోలు స్కూటీ ఉంది, దాన్ని అమ్మలేదు, అమ్మను. ఇంట్లో ఇదొక్కటే బండి, తరచూ హైదరాబాద్ వెళ్లాలి అనేవాళ్లకి నేను దీన్ని సిఫారసు చేయను.

కొన్న వారానికి లెక్చరర్ గారు ఫోన్ చేసి, "మీ బండి చార్జింగ్ నిండిందండీ, నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది" అన్నారు. కంపెనీ యాప్‌లో ఆయన పేరే ఉండిపోయింది, బండి ఎక్కడుందో ఆయనకి కనిపిస్తోంది. ఆయన మంచివారు కాబట్టి చెప్పారు. డబ్బు ఇచ్చే రోజే పాత ఓనరు యాప్‌లోంచి బండిని తీయించి మీ పేరున పెట్టించుకోండి. చార్జింగ్ కేబుల్, రెండో తాళం కూడా ఆ రోజే చేతికి తీసుకోండి.

మొన్న మావయ్య ఫోన్ చేశాడు. నరసన్నపేటలో ఎవరో టియాగో ఈవీ అమ్ముతున్నారట, 24 యూనిట్ల బ్యాటరీది, 48 వేలు తిరిగిందట. ఎంత తిరిగిందో తనే చెప్పి, ఆగి, "షెడ్డులోనే ఉంటాదట రా, అడిగాను" అన్నాడు. ఆదివారం పొద్దున్నే వెళ్తున్నాం. మేం వచ్చేలోపు 20 కిందకి దింపి ఉంచమని వాళ్లకి చెప్పించాను, సబ్ మీటరు ఇవాళే డిక్కీలో పెట్టాను. మావయ్య ఇంట్లో ఎర్తింగ్ చూడ్డానికి శనివారం ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు.